బెయిలొచ్చింది, మనిషి రాలేదు

"వాడికి బెయిలిచ్చేశారట!" ఈ మాటను మన ఇళ్ళలో ఏ గొంతుతో అంటామో గమనించండి. కేసే కొట్టేసినట్టు, శిక్షే మాఫీ అయినట్టు అంటాం. టీవీలో ఏ హత్య కేసు నిందితుడో కోర్టు మెట్లు దిగుతూ కనబడితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోతుంది. జడ్జీలు మెత్తబడ్డారు, కొత్త చట్టాలు నేరస్తులకు తలుపులు బార్లా తెరిచాయి అనే వాదన ఇప్పుడు బాగా చదువుకున్నవాళ్ళ నోటా వినబడుతోంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. లెక్కే అర్థం కాదు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ప్రకారం 2022 చివర మన జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో 4,34,302 మందికి ఇంకా ఏ కోర్టూ శిక్ష వేయలేదు. నూటికి డెబ్బై అయిదు పైమాటే. తలుపులు బార్లా తీసిన ఇల్లు ఇట్లా కిక్కిరిసి ఉంటుందా?

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, సెల్‌ఫోన్ల దొంగతనం కేసులో లోపలికి వెళ్ళాడు. చేశాడో లేదో నాకు తెలియదు. బెయిలొచ్చింది. పదివేల చొప్పున ఇద్దరు జామీనుదార్లు కావాలన్నారు. ఆ సాయంత్రం తండ్రి మా ఇంటికి మిఠాయి పొట్లం తెచ్చాడు. అసలు కథ మర్నాడు మొదలైంది. జామీనుండేవాళ్ళకి ఇంటిపన్ను రసీదు ఉండాలి, లేదా సర్కారు ఉద్యోగి జీతం సర్టిఫికెట్, అదీ లేకపోతే తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ. ఆయనది అద్దె గది. ఆయన్ని ఎరిగినవాళ్ళందరివీ అద్దె గదులే. ఊళ్ళో అన్నగారి పేర పట్టాదారు పాసుపుస్తకం ఉంది గానీ, "దొంగతనం కేసులో నా పిల్లల భూమి ఇరికిస్తావా మరిదీ" అని వదినగారు తలుపు దగ్గరే ఆపేసింది. ఆమెను తప్పుపట్టలేను. నా ఇంటిపన్ను రసీదు బీరువాలో ఉండగానే నేనూ రెండు రోజులు ఆలోచించాను. ఈ వ్యాసం రాసే హక్కు ఆ రెండు రోజుల వల్ల కొంత తరిగిందని తెలుసు.

నేను ఒకణ్ణి. రెండో మనిషి జిరాక్సు షాపు పక్కన దొరికాడు, మూడు వేలకి. ఇంకెంతమందికి ఆయన అట్లా "బాబాయి" అయ్యాడో అడగలేదు. కుర్రాడు బయటికొచ్చేసరికి బెయిలు ఉత్తర్వు వచ్చి ఇరవై మూడు రోజులు. ఇతను బయట ఉండొచ్చు అని కోర్టు రాసి సంతకం పెట్టాక గడిచిన ఇరవై మూడు రోజులవి. వాటికి ఏ సెక్షనూ లేదు. పూచీకత్తును ప్రమాదకరమైన మనిషెవరో తేల్చే జల్లెడ అనుకుంటున్నాం గానీ, ఆ జల్లెడలో నిలిచిపోయేది రసీదు లేనివాడు. రసీదులూ పెద్ద లాయర్లూ ఉన్నవాడు, టీవీలో మనం చూసి పళ్ళు కొరికేవాడు, ఎప్పుడో జారిపోయాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1978లో మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీని పదివేల పూచీకత్తు తెమ్మన్నారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను పనికిరాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. ఒక మలయాళీయో తెలుగువాడో ఎక్కడో బస్తర్‌లో, పహల్గాంలో పట్టుబడితే అక్కడి జామీనుదార్లను ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమన్నారు. నలభై అయిదేళ్ళ తర్వాత, 2023 జనవరిలో, అదే కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది: బెయిలొచ్చిన వారంలోగా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి, నెలలోగా పూచీ ఇవ్వలేకపోతే షరతు సడలించడాన్ని కోర్టే ఆలోచించవచ్చు. విచారణ ఖైదీకి నలభై వేల దాకా సర్కారే కట్టే పథకమూ ఆ ఏడే వచ్చింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్, ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపిన తొలిసారి నిందితుణ్ణి వదలమంటుంది. ఒకటికి మించి కేసులుంటే ఆ సెక్షన్ వర్తించదు. ఈ మాత్రానికే "బార్లా" అంటున్నాం.

ఇక రెండో పక్షం. 2019 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? ఉన్నావ్‌లో అత్యాచార బాధితురాలు కోర్టు వాయిదాకి రైలెక్కడానికి నడిచి వెళ్తుంటే నిప్పంటించారు. నిందితుల్లో ఒకడు కొద్దిరోజుల ముందే బెయిలు మీద వచ్చాడు. దీన్ని పక్కన పెట్టి బెయిలు గురించి మాట్లాడేవాణ్ణి నేనూ నమ్మను. బాధితురాలికి ముప్పు ఉందని కనబడితే బెయిలు నిరాకరించే అధికారం, ఇచ్చాక రద్దు చేసే అధికారం రెండూ కోర్టుకి ఉన్నాయి. ఆ ముప్పును తూచాలి. పదివేల పూచీకత్తు దాన్ని తూచదు. డబ్బున్న దుర్మార్గుడు కట్టేసి వస్తాడు. ఆమెకు తోడుగా ఒక కానిస్టేబుల్ నడిచి ఉంటే అని ఆలోచించే బదులు, మనం ఇస్త్రీ బండివాడి కొడుకు మీద తాళం బిగిస్తాం.

అదే వారం హైదరాబాద్ శివార్లలో, ఒక అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్లో చచ్చిపోతే పోలీసుల మీద పూలు చల్లాం. కావాలనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ చెప్పినప్పుడు పూలు చల్లినవాళ్ళెవరూ కనబడలేదు.

"విచారణ ఎట్లాగూ తెమలదు, కనీసం లోపలైనా ఉండనీ" అంటారు. అన్నిటికన్నా గట్టి వాదన ఇదే, అన్నిటికన్నా చెడ్డదీ ఇదే. ఎవరో ఒకరు లోపల ఉన్నంతకాలం కేసు నడుస్తున్నట్టే మనకు అనిపిస్తుంది. 2007 విజయవాడ బీఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో ఒక కుర్రాణ్ణి 2008లో పట్టుకున్నారు. ముందు విచారణ ఖైదీ, తర్వాత శిక్షపడ్డ ఖైదీ. 2017లో హైకోర్టు నిర్దోషి అంది. మరుసటి ఏడు, 2018లో, కేసును మొదట్నుంచీ చూడమని సీబీఐకి అప్పగించింది. ఎనిమిదేళ్ళకు పైగా అతను లోపల ఉండబట్టి ఆ అమ్మాయి తల్లికి ఒరిగిందేమిటి?

ఇస్త్రీ బండాయన కొడుకు ఇప్పుడు తండ్రి పక్కనే బొగ్గులు రాజేస్తున్నాడు. ప్రతి వాయిదాకి ఒకరోజు కూలి పోగొట్టుకుని వెళ్ళొస్తున్నాడు. పోయిన నెల ఏమైందని అడిగాను. "సాక్షి రాలేదంట సార్, మళ్ళీ డేటిచ్చారు" అన్నాడు, నా చొక్కా మడత పెడుతూ.