అరచేతిలోకి వచ్చిన ముస్తఫా



తొంభైల్లో ఆత్మకూర్ లాంటి ఊళ్లలో పెరిగినవాళ్లను 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' ఆడారా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. 'ముస్తఫా' అనండి, కళ్లు మెరుస్తాయి. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆర్కేడ్ ఆటకు మనవాళ్లు పెట్టుకున్న పేరది, అందులోని ఒక వీరుడి పేరు.

ఆ ఆటను ఇప్పుడు గుర్తుచేయడానికి కారణముంది. దాని బోర్డులో ఓ చిన్న బ్యాటరీ ఉంటుంది. ధ్వని చిప్ రహస్య తాళంచెవి దాని కరెంటు మీదే నిలుస్తుంది. బ్యాటరీ చచ్చిందా, ఆ తాళంచెవి చెరిగిపోతుంది. అలా గేమ్ షాపుల్లో ఎన్ని ఆట పెట్టెలు మూగబోయాయో! 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ లాంటి ఎమ్యులేటర్లు ఆ చిప్‌ల పనిని సాఫ్ట్‌వేర్‌తో చేసి చూపిస్తాయి. ఇప్పుడవి జేబులో పట్టే కన్సోల్‌లోనూ నడుస్తున్నాయి.

ఈ సంచిక రచనలన్నిటిలో మాకు వినిపించింది ఒకటే బెంగ: ఆట దక్కింది, గుంపు దక్కలేదు. చెమట పట్టిన గుప్పిట్లో రూపాయి బిళ్ల, వెనక నుంచి "అన్నా, తన్ను తన్ను" అనే అరుపు ఏ చిప్‌లోనూ లేవు. అందుకే వాటిని కాగితం మీదికి ఎక్కించాం. జూరాల డ్యామ్ గట్టు మీద కూర్చుని ఆడుతున్నా సరే, కన్సోల్ కాసేపు పక్కన పెట్టి చదవండి. మీ ఊరి గేమ్ షాపు సంగతులు మాకు రాయండి.