గడ్డం గీసుకోవడానికి చిన్న అంకె చాలు

గడ్డం అద్దంలా నున్నగా ఉంటేనే బాగా గీసినట్టని చాలామంది అనుకుంటారు. చర్మం తెగకుండా, మండకుండా ఉంటేనే బాగా గీసినట్టని మా అభిప్రాయం. ఉద్దానంలో ఈ మాట గట్టిగానే చెప్పాలి. రావివలస, టెక్కలి, పలాస వైపు ఎన్నో కుటుంబాల్లో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారున్నారు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా హెపారిన్ ఇస్తారు. ఆ రోజు చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదు. ఈ జబ్బులో చర్మం పొడిబారి దురద పెట్టడమూ మామూలే.

సేఫ్టీ రేజరులో బ్లేడు అంచుకూ, కింద చర్మాన్ని ఆపే పట్టీకీ మధ్య కొద్దిపాటి సందు ఉంటుంది. సందు పెరిగేకొద్దీ చర్మానికి బ్లేడు ఎక్కువగా తగులుతుంది. కొన్ని రేజర్లలో ఈ సందును మార్చుకోవచ్చు. 1958లో జిల్లెట్ సంస్థ తెచ్చిన అటువంటి రేజరుకు 1 నుంచి 9 వరకు అంకెలుండేవి. చిన్న అంకె అంటే తక్కువ సందు. ఇలాంటి రేజరు ఉన్నవారు 1తో మొదలుపెట్టండి. వెంట్రుకలు సరిగా తెగకపోతేనే ఒక్కొక్క అంకె పెంచండి. డయాలసిస్ చేయించుకునేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు అసలు పెంచవద్దు.

మామూలు రేజర్లకు అంకెలుండవు. సందు పెంచాలని కొందరు పిడిని వదులు చేస్తారు. అలా చేస్తే బ్లేడు కదిలి కోసుకుంటుంది. పిడిని పూర్తిగా బిగించండి. గోరువెచ్చని నీటితో గడ్డం తడిపి, నురగ పట్టించి, రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. వెంట్రుకలు పెరిగిన దిశలోనే, నొక్కకుండా గీయండి. లాగుతున్నట్టు అనిపిస్తే బ్లేడు మార్చండి. జీడి పిక్కలు కొట్టే పని నుంచి వచ్చినవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి రేజరు వారిదే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతకగలదు. కంటికి కనిపించని రక్తం మరకతోనూ అంటుకోవచ్చు. తండ్రి రేజరు కొడుకు, పక్క మంచం రోగి రేజరు మరొకరు వాడటం ఆపాలి. సెలూన్‌లో కొత్త బ్లేడు వేయమని అడగండి. అందరికీ రాసే పటిక ముక్క వద్దనండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు. గడ్డం కాస్త గరుకుగా మిగిలినా నష్టం లేదు. డయాలసిస్‌పై ఉన్న మనిషికి కొత్త జబ్బు అంటుకుంటే మాత్రం ఇల్లంతా కష్టపడుతుంది.