సున్నా అంటే ఖాళీ కాదు!

నెల రోజుల నుంచీ అదే పాట. అదే చోట తడబాటు. 'సరిగ్గా సాధన చేయడం లేదు' అని పెద్దల మందలింపు. గిటార్ నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో మామూలే. కానీ, తప్పు వేళ్లది కాకపోవచ్చు. కంప్యూటర్ రాసిచ్చిన ఓ సున్నాది కావచ్చు!

గిటార్ పాఠాల్ని ఆరు గీతల మీద అంకెలతో రాస్తారు. దాన్నే ట్యాబ్ అంటారు. ఒక్కో గీతా ఒక్కో తీగ. పైగీత అన్నిటికన్నా సన్నతీగ. అంకె... ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో చెబుతుంది. వీణకు మెట్లలాగే గిటార్‌కు ఫ్రెట్లు. గీత మీద ఏమీ లేకపోతే ఆ తీగను ముట్టుకోకూడదు. సున్నా ఉంటే మాత్రం ఎక్కడా నొక్కకుండా మీటాలి. అదే ఓపెన్ స్ట్రింగ్. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1507లో వెనిస్‌లో పెట్రూచీ అచ్చువేసిన ల్యూట్ వాద్య పుస్తకాల్లోనూ ఇలాంటి తీగకు గుర్తు సున్నాయే.

మ్యూజ్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పాశ్చాత్య స్వరలిపి ఇస్తే ట్యాబ్‌ను తనే తయారుచేస్తుంది. చిక్కల్లా అక్కడే. గిటార్ మీద ఒకే స్వరం చాలాచోట్ల పలుకుతుంది. సన్నతీగను నొక్కకుండా మీటితే వచ్చే 'ఇ' స్వరమే రెండో తీగ 5వ ఫ్రెట్‌లో, మూడో తీగ 9లో, నాలుగో తీగ 14లో కూడా ఉంటుంది. వీటిలో ఏది వీలో కంప్యూటర్‌కేం తెలుసు? దానికి వేళ్లుండవు కదా! చాలాసార్లు సున్నా వేసి ఊరుకుంటుంది. చెయ్యేమో 9వ ఫ్రెట్ దగ్గర ఉంటుంది. మధ్యలో ఓపెన్ తీగ మోగితే నాదం తేడాగా వినిపిస్తుంది. ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. వేలు ఆనని తీగ మీద స్వరాన్ని ఊపడమూ కష్టమే.

దీనికి మందు తేలికే. మ్యూజ్‌స్కోర్‌లో ఆ సున్నా మీద క్లిక్ చేసి, కంట్రోల్‌తోపాటు కింది బాణం మీట నొక్కండి. స్వరం మారకుండా అంకె పక్కతీగకు వెళ్తుంది. సున్నా కాస్తా 5 అవుతుంది. అలాగని సున్నాలన్నీ చెరిపేయొద్దు. ఎడమచెయ్యి ఒక చోటు నుంచి మరో చోటుకు జరగడానికి వ్యవధినిచ్చేది అవే.

ఇంకోమాట. మార్చాక కంప్యూటర్‌లో వినిపించుకుంటే తేడా పెద్దగా తెలియదు. గిటార్ చేతికిచ్చి వాయించమనండి. ఏది సరైందో పిల్లల వేళ్లే చెబుతాయి!