పక్షవాతం: తొలి 72 గంటలు నర్సు చేతిలోనే
పుస్తకంలో పాఠం ఉన్నా పడక వద్ద కొరవడిన శిక్షణ
జ్వరం, చక్కెర, మింగే శక్తి.. మూడింటిపై నిఘాతో మెరుగైన ఫలితాలు

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి మంచంపై పడుకోబెట్టగానే బంధువులు సాధారణంగా చేసే తొలి పని గుక్కెడు మంచినీళ్లు పట్టించడం. ఆప్యాయతతో చేసే ఆ పనే ఒక్కోసారి ప్రాణాల మీదకు తెస్తుంది. మెదడు దెబ్బతిన్నప్పుడు చాలామంది రోగుల్లో మింగే శక్తి సన్నగిల్లుతుంది. తాగించిన నీరు, జావ దారి తప్పి శ్వాసనాళంలోకి జారి ఊపిరితిత్తులకు చేరతాయి. అది న్యుమోనియాకు దారితీస్తుంది. గ్లాసు రోగి నోటి దాకా వెళ్లకముందే 'ఆగండి' అని చెప్పాల్సింది వార్డులోని నర్సు. ఎందుకు ఆపాలో, మళ్లీ ఎప్పుడు అనుమతించాలో తేల్చుకునే నైపుణ్యాన్ని నర్సింగ్ విద్య ఆమెకు ఏ మేరకు అందిస్తోందన్నది ఆలోచించాల్సిన విషయం.

సూదిమందు కొందరికే
దేశంలో 2019లో పక్షవాతంతో దాదాపు 7 లక్షల మంది మరణించినట్లు అంచనా. పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయి. గడ్డను కరిగించే సూదిమందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంతకుముందు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. పల్లెల్లో పసరు మందు కోసం వెళ్లడం, తెల్లవారితే తగ్గుతుందని ఎదురుచూడటం, సమీప పట్టణంలో స్కానింగ్ లేకపోవడం వంటి కారణాలతో ఆ గడువు చాలామందికి దాటిపోతోంది. అలా ఆలస్యంగా వచ్చినవారిలో అధికశాతం మందికి ఆపై దక్కే వైద్యంలో సింహభాగం నర్సింగ్ సంరక్షణే.

సకాలంలో వచ్చి సూదిమందు పొందినవారికీ నర్సే కాపలా. తొలి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకు, తర్వాతి ఆరు గంటలు ప్రతి అరగంటకు, ఆపై 24 గంటలు పూర్తయ్యే వరకు గంటకోసారి రక్తపోటును, రోగి స్పృహను, కాళ్లూచేతుల కదలికను పరిశీలించాలి. తలనొప్పి, వాంతులు, మత్తు కనిపిస్తే మెదడులో రక్తస్రావాన్ని శంకించి క్షణాల్లో వైద్యుడిని పిలవాలి.

ఆస్ట్రేలియా అనుభవం
నర్సుల శిక్షణ రోగుల భవితను మార్చగలదనడానికి ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో జరిగిన అధ్యయనం నిదర్శనం. అక్కడి 19 స్ట్రోక్ యూనిట్లను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గంలో మూడంటే మూడు అంశాలపై నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. మొదటిది జ్వరం. 72 గంటల పాటు ప్రతి నాలుగు గంటలకు ఉష్ణోగ్రత చూసి, 99.5 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ ఇవ్వాలి. రెండోది రక్తంలో చక్కెర. అది హద్దు దాటకుండా చూడాలి. మూడోది మింగే పరీక్ష. అది పూర్తయ్యే వరకు నోటి ద్వారా ఆహారం, నీరు, మాత్రలు ఇవ్వరాదు.

ఫలితాలు 2011లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడ్డాయి. 90 రోజుల తర్వాత చూస్తే, శిక్షణ లేని యూనిట్లలో 58 శాతం మంది మరణించడమో, ఇతరులపై ఆధారపడి బతకడమో జరిగింది. శిక్షణ పొందిన యూనిట్లలో అది 42 శాతమే. కొత్త మందేదీ వాడలేదు. థర్మామీటరు, గ్లూకోమీటరు, చెంచాడు నీళ్లు, వాటిని సమయానికి వాడాలన్న క్రమశిక్షణే తేడా తెచ్చాయి.

రాతపరీక్షకే పరిమితం
మన వద్ద మూడేళ్ల జీఎన్‌ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కోర్సులు రెండింటిలోనూ పక్షవాతం పాఠ్యాంశమే. కారణాలు, లక్షణాలు, సంరక్షణ వరుసగా రాస్తే మార్కులు వస్తాయి. అయితే రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో నీళ్లిచ్చి, దగ్గు వస్తోందా, గొంతు బొంగురుపోతోందా అని గమనించడం పుస్తకం చదివితే అబ్బే విద్య కాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పలుమార్లు చేస్తేనే పట్టుబడుతుంది. ప్రత్యేక స్ట్రోక్ యూనిట్ లేనిచోట ఈ రోగులను సాధారణ మెడిసిన్ వార్డులోనే ఉంచుతారు. పదుల సంఖ్యలో రోగులను ఒకరిద్దరు నర్సులు చూసే రాత్రి డ్యూటీలో నేర్చుకునేందుకూ, నేర్పేందుకూ తీరిక ఉండదు.

కుటుంబానికి వదిలేస్తే చాలదు
నర్సుల కొరతను బంధువులతో పూడ్చుకోవచ్చన్న ఆలోచనకూ పరిమితులున్నాయి. రోగికి ఇంటివద్ద వ్యాయామాలు చేయించేలా కుటుంబసభ్యులకు శిక్షణనిస్తూ దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత రెండు వర్గాల్లోనూ 47 శాతం మంది మరణించారు లేదా పరాధీనులుగా మిగిలారు. కుటుంబ సహకారం వృథా అని దీని అర్థం కాదు. శిక్షితులైన సిబ్బంది చేయాల్సిన పనిని ఇంటివాళ్లపై మోపినంత మాత్రాన ఫలితం రాదన్నదే దీని సారాంశం.

చేయదగినవి
మింగే పరీక్షను ప్రాక్టికల్ పరీక్షల్లో తప్పనిసరి అంశంగా చేర్చడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు భారమైన పని కాదు. ఇప్పటికే సర్వీసులో ఉన్న నర్సులకు జిల్లా ఆసుపత్రుల్లోనే విడతలవారీగా పునశ్చరణ తరగతులు నిర్వహించవచ్చు. జ్వరం, చక్కెర, మింగే పరీక్ష వివరాలు నమోదుచేసే పట్టికను ప్రతి రోగి కేస్‌షీట్‌కు జతచేస్తే డ్యూటీ మారినప్పుడు సమాచారం జారిపోదు. 'పరీక్ష పూర్తయ్యే వరకు నోటిద్వారా ఏమీ ఇవ్వరాదు' అన్న తెలుగు బోర్డు మంచం తలవైపు వేలాడదీస్తే బంధువులకూ విషయం తెలుస్తుంది. వీటిలో ఏదీ కోట్ల రూపాయల పరికరాలు కోరేది కాదు. స్కానింగ్ యంత్రాల కోసం ఎదురుచూసే చిన్న ఆసుపత్రి సైతం ఈ పనులను వెంటనే చేపట్టవచ్చు.