టెర్రీని తీసేస్తే కోపం రాదా మరి?

కామిక్ గురించి ఇంత గొడవేంటి, పిల్లల బొమ్మలేగా అని నవ్వే మాదాపూర్ మేధావులకే ఈ టపా.

1999-2001 నాటి బ్యాట్‌మన్ బియాండ్ కార్టూన్లో ముసలి బ్రూస్ వేన్ తర్వాత సూట్ వేసుకున్న కుర్రాడు టెర్రీ. 2015లో డీసీ వాళ్ళు అదే పేరుతో కామిక్ వేసి, సూట్ మాత్రం టిమ్ డ్రేక్‌కి తొడిగారు. పాఠకులు మండిపడ్డారు. మండరా మరి? మాడ్యూల్ పేరు ఉంచేసి లోపల కోడంతా మార్చేస్తే మన క్లయింటు ఊరుకుంటాడా? (టిమ్ మంచోడే, అది వేరే సంగతి.) 2016లో టెర్రీ తిరిగొచ్చాడు.

మరి మనమో? 2024లో కల్కి సినిమాకి ముందు బుజ్జి అండ్ భైరవ అని యానిమేషన్ సిరీస్ వచ్చింది. చేసింది మన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వాళ్ళే. తర్వాత కథేదని అడిగినవాడు మా ఫ్లోర్లో ఒక్కడూ లేడండీ. సినిమా కలెక్షన్ల మీద మాత్రం రోజూ లంచ్ అయ్యేదాకా కొట్టుకున్నారు.