ఇసుక మీద భారం వేసి కూసుందామా?

2024 డిసెంబర్ 4 పొద్దుగాల ములుగు నేల కదిలింది. తీవ్రత 5.3. పాలంపేట రామప్ప గుడి నిలబడ్డది. ఇగ భజన మొదలైంది: కాకతీయులు పునాదిల ఇసుక పోసిండ్రు, గుడికేం కాదు!

నిజమే. 1213 నాటి ఆ ఇసుక కుదుపును మింగుతది. శిఖరానికి పెట్టిన ఇటుక నీళ్లల్ల తేలేంత తేలిక. పైన బరువు తగ్గితే దెబ్బ తగ్గుతది. కని ఇసుక పెట్టిన చోట ఉంటెనే గద! వాన నీళ్లు దిగి కొట్టుకపోతే పునాది కుంగుతది, కంభం ఒరుగుతది, దూలం పగులుతది. అట్ల వదులైన కట్టడానికి చిన్న కుదుపు చాలు. మండపంల బండలు ఎంత ఎగుడుదిగుడున్నయో పోయి చూసినోళ్లందరికీ ఎరుకే.

2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక అక్కడ ఫొటో దిగని నాయకుడు లేడు. ఏ కంభం ఏడాదికెంత ఒరుగుతున్నదో ఒక్కడన్న అడిగిండా? హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లు 2006ల విప్పిండ్రు. మళ్ల నిలబెట్టేసరికి 2024 వచ్చింది! విప్పిన రాళ్లకే ఇంత కాలమైతే కూలిన రాళ్లకెంత?

పురావస్తు సార్లూ, ఇంకో కుదుపు రాకముందే కొలతలు తీయుండ్రి. ఆ లెక్క జనం ముందట పెట్టుండ్రి.