పసుపా, జేగురా?

మా బావమరిదిది గిద్దలూరు దగ్గర పల్లె. నిరుటి వేసవిలో కూతురి కాలేజీ ఫీజు కోసం ట్రాక్టరు బేరం పెట్టాడు. ఇంజనుకు వంక పెట్టేందుకు లేదు. వచ్చినవాడు ఇంజను సంగతి ఎత్తనేలేదు; బానెట్టు మీద అరచేత్తో ఒక్క రాపు రాశాడు. చెయ్యంతా ఎర్రటి పొడి! "ఎండకూ వానకూ వదిలేసిన బండి" అంటూ ఇరవై వేలు తెగ్గోశాడు.

రెండేళ్ల క్రితం చవకలో వస్తుందని ఆ నిగనిగలాడే ఎరుపు వేయించిన ఘనత నాదే. "మీ సలహా చలవే!" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

తప్పెక్కడుందో తరువాత తెలుసుకున్నాను. పెయింటులో ముఖ్యమైనవి రెండు: రంగునిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే రెజిన్. మార్కాపురం వైపు వేసవిలో 40 డిగ్రీలు దాటడం వింత కాదు గదా! ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రెజిన్ చివికితే పొడి రాలుతుంది. రంగుపొడే చెడితే ఎరుపు వెలిసి గులాబీ అవుతుంది.

ఇది ఇల్లాళ్లకు కొత్త సంగతి కాదు. పసుపు బట్టను ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. గోడకు పూసిన జేగురు ఎండకు వెలవదు. జేగురులో ఉన్నది ఇనుప ఆక్సైడు. కర్నూలు దగ్గర కేతవరం బండల మీద ఆదిమ మానవులు వేసిన ఎర్రబొమ్మలు నేటికీ కనబడుతున్నాయంటే ఆ మట్టి మహిమే. కనుక యంత్రాలకు ఇటుకరంగు, నలుపు మేలు. మెరిసే ఎరుపే కావాలంటే వాహనాలకని చేసిన, ఎండకు తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి.

రంగు ఎంత మంచిదైనా తుప్పు మీద నిలవదు. గరుకు కాగితంతో ఇనుము తేలేదాకా రుద్ది, జిడ్డు తుడిచి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసి, ఆరాక పలచగా రెండు పూతలు వెయ్యాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బొబ్బలెక్కుతుంది. గట్టిపడే మందు కలిపే పాలీయురెథేన్ రకం ఎక్కువ కాలం మన్నుతుంది. కాని దాన్ని స్ప్రే చేసేటప్పుడు వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు హాని. ముక్కుకు చేతిరుమాలు కడితే చాలదు. తగిన సరంజామా ఉన్న షెడ్డులోనే వేయించాలి.

ఫీజుకు తగ్గిన ఇరవై వేలూ నేనే ఇచ్చాను. సలహాదారుకు ఆ మాత్రం జరిమానా ఉండాలిగా! మిగిలిన ట్రాలీకి సంక్రాంతి సెలవుల్లో మా మేనకోడలే గరుకు కాగితం పట్టింది, ఇటుకరంగు వేశాం. వెళ్లినప్పుడల్లా దానిమీద అరచెయ్యి రాసి చూస్తున్నాను. ఇంతవరకూ చెయ్యి తెల్లగానే వస్తోంది.